సూదంటురాళ్ళ సారె

అనగనగా అన్నాక ఊ కొట్టాలి మరి! ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ అలిగి అటకెక్కి కూర్చుంటుంది.

అనగనగా రేగులపాడులో కొమరన్న అనే కుమ్మరి. అతనికి బుచ్చన్న అని ఒక్కడే తమ్ముడు. తమ్ముడు సారె తిప్పేవాడు, అన్న తిరిగే మట్టిని బానగా లేపేవాడు. ఆ ఊరి కుమ్మరివాడలో ఒక ఆచారం ఉంది. పచ్చి బాన అడుగున, సారె తిప్పినవాడు తన బొటనవేలు నొక్కాలి. ఇందులో నా చెయ్యి కూడా ఉంది అని దానికి అర్థం. బుచ్చన్న బొటనవేలికి ఒక పాత గాటు. అది బాన మీద కూడా పడేది.

ఒక ఏడు రాజుగారికి బాన పంపాలి. పేరంతా తనకే రావాలని కొమరన్న అడుగున తన వేలే నొక్కేశాడు. బుచ్చన్న చూశాడు. బట్టలు మూటగట్టుకుని ఏరు దాటి వెళ్ళిపోయాడు.

మూడేళ్ళయింది. చిన్న కుండలైతే కొమరన్న ఒక్కడే కర్రతో సారె తిప్పుకుని చేసుకునేవాడు. బాన అలా కాదే! సగం లేచేసరికి సారె నెమ్మదించేది. "తిప్పరా బుచ్చీ" అనేవాడు, తలెత్తకుండానే. తలెత్తితే అక్కడ ఎవరూ ఉండరు. మట్టి కూలిపోయేది, అతని గుండె కూడా.

ఇంతలో రాజుగారి కబురు వచ్చింది. ఎండలు ముదిరేలోగా చలివేంద్రానికి పెద్ద బాన కావాలట.

"పోయి తమ్ముణ్ణి పిలువు" అంది మట్టి మోసే గాడిద.

"ఏ మొహం పెట్టుకుని పిలవను? తనంతట తాను తిరిగే సారె చేస్తాను, చూస్తూ ఉండు!"

సంత నుంచి ఇనుమును లాగే సూదంటురాళ్ళు తెచ్చాడు. సారె అంచుకు ఒక ఇనుప ముక్క బిగించి, పక్కన ఒక రాయి పెట్టాడు. సారె గబుక్కున కదిలింది. రాయి ఎదుటికి రాగానే ఠక్కున ఆగిపోయింది.

ఒక్క రాయి చాలదనుకుని చుట్టూ పన్నెండు పెట్టాడు. అన్నీ తలా ఒకవైపు లాగాయి. సారె అసలు కదలనే లేదు.

మూడోసారి అంచుకు కూడా రాళ్ళే బిగించి, ఒకదాన్నొకటి నెట్టుకునేలా ఏటవాలుగా పేర్చాడు. సారెను వేలితో తాకాడు. అబ్బో, ఒక చుట్టు తిరిగింది! "బుచ్చీ, చూడరా!" అని కేక పెట్టాడు కొమరన్న. ఆ కేక అతనికే వినబడింది. రెండో చుట్టులో సారె ముందుకీ వెనక్కీ ఊగి, మళ్ళీ ఆగిపోయింది.

కొమరన్న మట్టిచేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాడు.

గాడిద దగ్గరికొచ్చింది. "పిచ్చివాడా! ఆ రాయికి దగ్గరికి లాక్కోవడం తెలుసు, నెట్టడం తెలుసు. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో దానికేం తెలుసు? అది తెలిసిన చెయ్యి ఏటి అవతల ఉంది. నీకు కావలసింది సారె తిరగడమా, వాడు తిరిగి రావడమా?"

కొమరన్న లేచి, చేతులైనా కడుక్కోకుండా ఏట్లోకి దిగాడు.

అవతల గట్టున బుచ్చన్న తట్టలల్లుకుంటున్నాడు. అన్నను చూసి చెయ్యి ఆపాడు.

"తమ్ముడూ, నీ వేలు పడాల్సిన చోట నా వేలు వేశాను. తప్పు నాదేరా. బాన కోసం వచ్చాననుకోకు. నువ్వు లేక ఉండలేక వచ్చాను."

బుచ్చన్న అల్లుతున్న తట్టను పక్కన పెట్టి లేచాడు.

"ఈ మాట కోసం మూడేళ్ళు చూశానన్నా" అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఆ వారమే బాన లేచింది. అడుగున వేలు నొక్కబోతూ, "నువ్వు కూడా వెయ్యన్నా" అన్నాడు బుచ్చన్న. కొమరన్న చేతులు వెనక్కి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. మెత్తటి మట్టిలో గాటున్న వేలు ఒక్కటే దిగింది. దాన్ని చూసి అన్న కళ్ళు తుడుచుకున్నాడు.

చలివేంద్రంలో నీళ్ళు తాగినవాళ్ళు బాన అడుగునున్న ఆ ముద్రను చూడలేదు. అయినా ఆ నీళ్ళు చల్లగానే ఉన్నాయి.

కాబట్టి పిల్లలూ, తప్పు మనదైతే మనమే ముందు వెళ్ళి ఒప్పుకోవాలి. ఆ ఒక్క మాట చేసే పని ఏ యంత్రమూ చెయ్యలేదు.