తాంబూలాలకి తోసుకెళ్ళిన కారు

గవర్రాజు, సత్తిరాజు, పాపారావు ముగ్గురూ అన్నదమ్ములు. ఊరందరి తెలివీ కలిపినా తమ చిన్నవాడి తెలివికి సరిపోదని పెద్దవాడు గవర్రాజు అనేవాడు. నిజమేనని మిగతా ఇద్దరూ ఒప్పుకునేవారు. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంకేముంది, నిజమే అయ్యుంటుంది.

ఆ చిన్నవాడు పాపారావుకి మంగతాయారు సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో సిగ్గుతో తలెత్తలేదు గానీ, ఆమె లోపలికి వెళ్తుంటే జడ చూశాడు. అప్పట్నించీ మబ్బుల్లో కూడా ఆ జడే కనిపిస్తోంది. ఆమె తండ్రి జోగారావు మాత్రం ఖచ్చితమైన మనిషి. "ఆదివారం పగలు పన్నెండులోపు వచ్చి తాంబూలాలు పుచ్చుకోండి. దాటిందా, అనకాపల్లి వాళ్ళకి మాటిచ్చేస్తా" అని కబురు పెట్టాడు.

ముగ్గురూ లడ్డూల బుట్టతో పొద్దున్నే కారులో బయల్దేరారు. ఇంకా రెండు మైళ్ళుందనగా వెనక టైరు పంక్చరైంది. దారినపోయే లారీ డ్రైవరు దిగి, జాకీ ఎక్కడ పెట్టాలో చూపించాడు.

"హ్యాండ్ బ్రేకు లాగండి, పనయ్యేదాకా వదలొద్దు. ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టండి. నట్లు కాస్త వదులు చేశాకే జాకీ ఎత్తండి. కారు లోపల ఎవరూ ఉండకూడదు, కింద ఎవరూ ఉండకూడదు. ప్రాణాలు పోతాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అంతే. గవర్రాజు బయటే నిలబడి, కిటికీలోంచి చెయ్యి దూర్చి, బ్రేకు పట్టుకుని వేలాడాడు. సత్తిరాజు రాయి పెట్టాడు. దాంట్లో తప్పు పట్టడానికేం లేదు. వంగి చూస్తే కారు కింద నీడలో కుక్క పడుకునుంది.

"ఎవరూ అంటే కుక్క కూడానా అన్నయ్యా?"

"దానికి మాత్రం ప్రాణం లేదట్రా?"

లడ్డూ చూపించారు. కుక్క వచ్చి తిని, మళ్ళీ నీడలోకే పోయింది. ఇంకోటి చూపించారు. బుట్ట ఖాళీ అయ్యాక కుక్క తన దారిన తను పోయింది. ఇంకేముంది, రాలిన పొడికి చీమలొచ్చాయి! ఒక్కొక్కదాన్నీ ఆకుమీద ఎక్కించి రోడ్డు దాటించారు. పాపారావు ప్రతి చీమకీ "జాగ్రత్తమ్మా" అని చెప్పాడు. పదకొండైంది.

టైరు మాత్రం చక్కగా మార్చారు. జాకీ దించి, రాయి తీసి, పాపారావు కారెక్కబోతే గవర్రాజు కసిరాడు.

"లోపల ఎవరూ ఉండకూడదన్నాడు కదరా!"

"పనైపోయింది కదన్నయ్యా?"

"పనయ్యేదాకా అన్నది బ్రేకుకి. దీనికి అలా అన్నాడా?"

"అన్లేదు."

అంతే. గవర్రాజు పక్కన నడుస్తూ కిటికీలోంచి స్టీరింగు తిప్పాడు. తమ్ముళ్ళిద్దరూ వెనకనించి తోశారు. జోగారావు ఇంటిముందుకి చేరేసరికి పన్నెండుకి పది నిమిషాలుంది.

వాళ్ళ చెమటలు చూసి జోగారావు కరిగిపోయాడు. "రండి నాయనా, రండి! మొహమాటపడకండి. ఇది మీ ఇల్లే అనుకోండి."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"మన ఇల్లా?" అన్నాడు సత్తిరాజు.

"పెద్దాయన అబద్ధం చెబుతాడా? తోసీ తోసీ ఎక్కడో దారి తప్పాంరా, ఇంటికే వచ్చేశాం!" అని గవర్రాజు తల పట్టుకున్నాడు.

గబగబా కారు వెనక్కి తిప్పారు. ఈ గోలకి తాంబూలం పళ్ళెం పట్టుకుని మంగతాయారు వీధిలోకి పరిగెత్తుకొచ్చింది.

"ఏవండీ, మీరూ ఓ చెయ్యెయ్యండి" అన్నాడు పాపారావు కళ్ళనీళ్ళతో. "పాపం, అక్కడొక పిల్ల నాకోసం ఎదురుచూస్తోంది."

మంగతాయారు మనసు కరిగిపోయింది. పళ్ళెం కారు మీద పెట్టి, కొంగు బిగించి, వాళ్ళతో పాటు తొయ్యడం మొదలుపెట్టింది.