ప్రభంజన్ ఉక్కునరాలు

తెనాలిలో ప్రభంజన్ అనే ఓ బడాయికోరు ఉండేవాడు. ఆటలోనైనా సరే తన బలం ముందు ఇంకొకరు నిలబడకూడదని అతని పంతం.

ఆ ఆట ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇందుమతి గారి మేడమీది గదిలో జరిగేది. ఇందుమతి గారు పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెబుతారు. ఆట ఆవిడ సొంతంగా తయారుచేసుకున్నదే. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఆడేవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఆవిడ కథ చెబుతూ దారిలో గండాలు పెడతారు. పాత్రలన్నీ ఒకే అంతరిక్ష నావలో గ్రహాల మధ్య తిరుగుతూ, ఆపదలో ఉన్నవాళ్లని కాపాడుతుంటాయి.

ప్రభంజన్ బైకుల షోరూంలో మేనేజరు. ఆటలో అతను సేనాని. సెల్‌ఫోన్లు బాగుచేసే జిలానీ నావ నడిపే నావికుడు. ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసే అలివేలు ఆటలో డాక్టర్ మందాకిని. వారమంతా వచ్చేపోయే ప్రతివాడి చేతా మాటలు పడే అలివేలు, ఆదివారం ఆ గదిలో మాత్రం "ఆ కట్టు విప్పండి, ఇతన్ని ఇక్కడ పడుకోబెట్టండి" అని గట్టిగా చెప్పేది. అందరూ ఆమె చెప్పినట్టే చేసేవాళ్లు. రెండేళ్లుగా ఆ డాక్టరమ్మని ఆమె ప్రాణంగా పెంచుకుంది. అయితే ఆటలో ఒక కఠినమైన నియమం ఉంది. పాత్ర చనిపోతే ఇక అంతే. దాని వివరాలు రాసుకున్న కాగితాన్ని ఆడినవాళ్లే తమ చేత్తో చింపెయ్యాలి.

ఇప్పుడు ఆట పద్ధతి చెబుతాను. కాస్త శ్రద్ధగా వినండి, గొడవంతా ఇందులోనే ఉంది. ప్రతి పాత్రకీ బలం, చురుకు, తెలివి, నిబ్బరం అనే గుణాలు ఉంటాయి. ఒక్కొక్క గుణానికీ ఒక అంకె ఉంటుంది. మొదట్లో అందరికీ అన్నిటిలోనూ ఒకటి. ఏదైనా పని చెయ్యాలంటే ఆ గుణం అంకె ఎంతో అన్ని పాచికలు వెయ్యాలి. అయిదు గాని ఆరు గాని పడితే ఆ పాచిక గెలిచినట్టు. ఒక్కటీ గెలవకపోతే పని చెడుతుంది. మరీ కష్టమైన పనికైతే రెండు గెలవాలి. కానీ చెడిన ప్రతిసారీ ఆ గుణం కింద ఒక గీత గీసుకోవచ్చు. గీతలు నిండితే అంకె ఒకటి పెరుగుతుంది. అంటే ఆ ఆటలో ఓడినకొద్దీ బలం వస్తుందన్నమాట.

ఇంకో దారి కూడా ఉంది. పాడుబడ్డ నావల్లో అప్పుడప్పుడు యంత్రాల ముక్కలు దొరుకుతాయి. వాటిని ఒంట్లో అమర్చుకుంటే ఏదో ఒక గుణానికి పెంపు వస్తుంది. చేతుల్లో ఉక్కునరాలు వేయించుకున్నవాడు పాచిక వెయ్యనక్కర్లేదు. తలుపు విరగ్గొడతానంటే విరిగినట్టే, బండ ఎత్తుతానంటే లేచినట్టే. కాకపోతే పాచిక వెయ్యనివాడు ఓడడు. ఓడనివాడికి గీతలు రావు. గీతలు లేకపోతే అసలు అంకె ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

"పెంపు నీ అంకెని పెంచదు నాయనా. దాని మీద ఎక్కి కూర్చుంటుంది, అంతే," అని ఇందుమతి గారు మొదటిరోజే చెప్పారు.

ప్రభంజన్ ఆ మాట చెవిన పెట్టలేదు. ఏ ముక్క దొరికినా తనకే కావాలనేవాడు. "నాకు పెడితే అందరికీ పెట్టినట్టే కదా," అనేవాడు. జిలానీ మొహమాటస్తుడు, తన వాటా ఇచ్చేశాడు. అలివేలు కూడా తన డాక్టరమ్మకి దక్కినవి ఇచ్చేసింది. పోనీ, తీసుకున్నవాడు తీసుకున్నట్టు నోరు మూసుకుని ఉన్నాడా? అదీ లేదు. వాళ్లిద్దరూ పాచిక వేసి ఓడినప్పుడల్లా పడీపడీ నవ్వేవాడు. మందాకిని గాయపడ్డవాళ్లని స్ట్రెచర్ మీద మోయబోయి మాటిమాటికీ ఓడిపోయేది.

"స్ట్రెచర్ ఎత్తలేని డాక్టరు మనకెందుకు అలివేలూ? పక్కకి తప్పుకో, నేను ఎత్తుతా," అనేవాడు.

అలివేలు మొహం ఎర్రబడేది. బలం కింద ఒక గీత గీసుకునేది. నాకు ఇలాంటివాళ్లని చూస్తే ఒళ్లు మండిపోతుంది. ఎదుటివాళ్ల వాటా తినేసి, మళ్లీ వాళ్లనే వెక్కిరించాలంటే మనిషికి ఎంత సిగ్గులేనితనం ఉండాలి? అప్పుడే ఎవరైనా నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే బాగుండేది. ఎవరూ పెట్టలేదు. మంచివాళ్లతో వచ్చిన చిక్కే అది.

ఒక ఆదివారం ఇందుమతి గారు వాళ్ల నావని ఒక మంచు చంద్రుడి మీద దింపారు. అక్కడ ఒక గని కూలిపోయింది. ముగ్గురూ కలిసి పనివాళ్లందరినీ బయటికి తెచ్చారు. ఒక చిన్నపిల్ల మాత్రం లోతైన గోతి అడుగున ఉండిపోయింది. మందాకిని నడుముకి తాడు కట్టుకుని దిగాలి, పిల్లని వీపుకి కట్టుకోవాలి, పైనుంచి ఒకరు లాగాలి.

"గోతి అంచుకి రాగానే మీ చేతిదీపాలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి," అన్నారు ఇందుమతి గారు. "ఈ చంద్రుడి కడుపులో ఏదో పెద్ద అయస్కాంతం ఉన్నట్టుంది. ఇక్కడ యంత్రాలు ఎప్పుడైనా ఆగిపోవచ్చు."

జిలానీ వెంటనే ముందుకి వంగాడు. "అయితే తాడు నేను పట్టుకుంటా. నా బలంలో పెంపు ఏమీ లేదు, అసలుదే మూడు."

"నువ్వా?" అని ప్రభంజన్ నవ్వాడు. "నీ కాగితం నిండా గీతలేగా. పోయి నావలో కూర్చుని ఇంజను వేడిగా ఉంచు. తాడు సేనాని పట్టుకుంటాడు."

"ప్రభంజన్ గారూ, మీ ఉక్కునరాలు కూడా యంత్రమేనండీ," అంది అలివేలు. "అవి ఆగిపోతే?"

"ఆగవు."

"ఒకవేళ ఆగితే మీ అసలు బలం ఎంతో చెప్పండి. దిగేది నేను."

ఆ బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఎవరి కాగితం వాళ్లదే, ఇంకొకరు తొంగి చూడకూడదు. కానీ తోటివాళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. అందరికీ అందరి మీదా నమ్మకం ఉండబట్టే ఆ ఆట అన్నాళ్లు నడిచింది. ప్రభంజన్ తన కాగితం వంక చూసుకున్నాడు. బలం అని రాసిన చోట ఒకటి ఉంది. దాని కింద ఒక్క గీత కూడా లేదు. ఒకటి అని చెబితే పరువు పోతుందనుకున్నాడు. ముందు నవ్వినదంతా తిరిగి తన మొహాన పడుతుందనుకున్నాడు.

"సరిపోతుందిలే," అన్నాడు.

"సరిపోతుందంటే ఎంతండీ?"

"సరిపోతుందన్నానుగా. నా మీద నమ్మకం లేదా?"

నమ్మకం లేదా అని అడిగేవాళ్ల దగ్గర మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆ రోజు అలివేలుకి తెలియదు. ఆమె నమ్మింది. జిలానీ గొణుక్కుంటూ తన నావికుణ్ణి నావలోకి పంపేశాడు. మందాకిని గోతిలోకి దిగింది. పిల్లని వీపుకి కట్టుకుంది. "లాగండి," అంది. సేనాని లాగడం మొదలుపెట్టాడు. వాళ్లు అంచుకి దగ్గరగా వస్తుండగా ఇందుమతి గారు మాట ఆపి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టారు.

"దీపాలన్నీ ఆరిపోయాయి. ఉక్కునరాలు చచ్చుబడ్డాయి. సేనానీ, ఇప్పుడు ఉన్నవి నీ సొంత చేతులే. నీ బలం ఎంతో అన్ని పాచికలు వెయ్యి."

ప్రభంజన్ ఒక్క పాచిక తీసుకున్నాడు. మిగతావి కూడా తీస్తాడేమో అని జిలానీ చూశాడు. ప్రభంజన్ తియ్యలేదు.

"ఒకటా?" అన్నాడు జిలానీ. "నీ బలం ఒకటా?"

ప్రభంజన్ పాచిక వేశాడు. రెండు పడింది. తాడు అతని చేతుల్లోంచి జారిపోయింది.

"మందాకిని పడిపోతోంది," అన్నారు ఇందుమతి గారు. ఆవిడ గొంతులో కోపం దాగలేదు. "అలివేలూ, రాయి పట్టుకోగలవేమో చూడు. నీ బలం ఎంత?"

"నాలుగండీ."

స్ట్రెచర్లు మోయలేక ఓడి, నవ్వులపాలై, గీత మీద గీత గీసుకుని తెచ్చుకున్న నాలుగు అది. అలివేలు నాలుగు పాచికలు వేసింది. ఒకటి గెలిచింది. మందాకిని ఒంటిచేత్తో అంచు కిందున్న రాయి పట్టుకుని వేలాడింది. ఎక్కడానికి కాలు మోపే చోటు లేదు. పిల్ల వీపున క్షేమంగా ఉంది.

"చెయ్యివ్వు సేనానీ," అన్నాడు జిలానీ. "లాగు వాళ్లని."

ఇందుమతి గారు తల అడ్డంగా ఊపారు. "ఇద్దరినీ పైకి లాగాలంటే ఒకే విడతలో రెండు పాచికలు గెలవాలి. అతని దగ్గర ఉన్నది ఒకటి. ఆరు పడినా లాభం లేదు."

"నేను పరిగెత్తుకొస్తా మేడమ్. నావి మూడున్నాయి."

"నువ్వు నావలో ఉన్నావు నాయనా. వచ్చేసరికి రాయి విరుగుతుంది."

జిలానీ బల్ల మీద చరిచాడు. ప్రభంజన్ కుర్చీలో కుంచించుకుపోయాడు. అలివేలు మాత్రం కాగితం వంకే చూస్తూ అడిగింది.

"పిల్లనొక్కదాన్నే పైకి అందిస్తే?"

"అందుకు నీకు రెండు చేతులూ కావాలమ్మా," అన్నారు ఇందుమతి గారు. "అంటే రాయి వదిలెయ్యాలి."

"తెలుసండీ."

ఆమె పాచికలు వేసింది. రెండు గెలిచాయి. పిల్ల గోతి అంచు మీదికి చేరింది. సేనాని పట్టుకున్నాడు. చిన్నపిల్లని పట్టుకోడానికి పాచికలు అక్కర్లేదు గనుక ఆ మాత్రం చెయ్యగలిగాడు. డాక్టర్ మందాకిని చీకట్లోకి పడిపోయింది.

అలివేలు రెండేళ్ల కాగితాన్ని మధ్యకి మడిచి చింపింది. మళ్లీ మడిచి మళ్లీ చింపింది. కళ్లు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

అప్పుడైనా ప్రభంజన్ తప్పయిందని ఉంటే నేను ఈ కథ ఇంత కోపంగా చెప్పేవాణ్ణి కాదు. అతను ఏమన్నాడో తెలుసా?

"ఆటే కదా. ఇంకో పాత్ర రాసుకుంటే పోతుంది."

తలుపులు విరగ్గొట్టి మీసం తిప్పినన్నాళ్లూ ఆటే కదా అని ఒక్కనాడూ అనలేదు. ఇంకొకరిది పోగానే అది ఆటైపోయింది.

"ఆటే," అన్నాడు జిలానీ పళ్లు నూరుతూ. "ఆటలో కూడా ఒకటిని ఒకటి అని చెప్పలేకపోయావు. నిన్ను అడిగిందా లేదా? దిగేది నేను, నీ బలం ఎంత అని నోరు తెరిచి అడిగిందా లేదా? ఒకటి అని ఉంటే నేను పట్టుకునేవాణ్ణి. నువ్వు బరువు మోయలేకపోతే తప్పు లేదురా. మోస్తానని చెప్పి నా చేతుల్లోంచి లాక్కున్నావు చూడు, అదీ నీ తప్పు."

ప్రభంజన్ తన కాగితం అలివేలు వైపు జరిపాడు. "నా పెంపులన్నీ నీ కొత్త డాక్టరుకి ఇచ్చేస్తాను. తీసుకో."

"అందులో సగం నేనిచ్చినవే," అంది అలివేలు. "నాకొద్దు. నేను ఒకటి దగ్గర్నుంచే మొదలుపెడతాను."

అక్కడే కొత్త కాగితం తీసుకుని అన్ని గుణాల కిందా ఒకటి రాసుకుంది.

తర్వాతి ఆదివారం ప్రభంజన్ మళ్లీ వచ్చాడు. కథలో ఒక కొండచరియ దిగాల్సి వచ్చింది. ఒకరు పైన తాడు పట్టుకోవాలి.

"నేను పట్టుకుంటా," అన్నాడు ప్రభంజన్. "ఇక్కడ యంత్రాలు పనిచేస్తున్నాయి కదా మేడమ్?"

"పనిచేస్తున్నాయి," అన్నారు ఇందుమతి గారు. "కానీ తాడు ఎవరి చేతికివ్వాలో దిగేవాళ్లే చెప్పాలి."

దిగేది అలివేలే. ఆమె అతని మొహంలోకి సూటిగా చూసింది. ఆసుపత్రిలో ఎవరు అరిచినా తల దించుకునే మనిషి ఆ రోజు తల దించలేదు.

"మీ చేతికివ్వను," అంది. "ముందు ఆ ఉక్కునరాలు తీసెయ్యండి. మా అందరిలాగే పాచిక వెయ్యండి. ఓడండి. ఓడానని పైకి చెప్పి గీత గీసుకోండి. మీ నోట ఆ మాట విన్నాకే నా తాడు."

ఆమె ఒక పాచిక అతని ముందుకి తోసింది. ప్రభంజన్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎంతసేపటికీ వెయ్యలేకపోయాడు. చివరికి పాచిక బల్ల మీద పెట్టేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. తాడు జిలానీ పట్టుకున్నాడు. ఆట సాగింది.

తగిలించుకున్న బలం గొప్పలు చెప్పుకోడానికే పనికొస్తుంది, ఓడి ఓడి పెంచుకున్న బలమే ఆపదలో అక్కరకొస్తుంది. పరువు కోసం తన అసలు బలం దాచుకునేవాడు, తనని నమ్మినవాళ్లనే గోతిలో పడేస్తాడు.