మబ్బులు చిలికిన అక్కచెల్లెళ్ళు

“ముత్యం! ఒసే ముత్యం! ఎక్కడ నక్కావే?” అని పిలుస్తోంది అవ్వ. ముత్యమేమో గాదె వెనక కూర్చుని మూతి తుడుచుకుంటోంది.

ఎవరా ముత్యం అంటావా? చెబుతా, ఇటు తిరిగి పడుకో. అనగనగా మబ్బుల పక్కనే ఒక కొండ ఊరు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ మంత్రగత్తెలే. మంచివాళ్ళేలే, భయపడకు. మబ్బుల్ని కుండలో పోసి, కవ్వంతో చిలికి, కింద పొలాలకి వాన పంపేవాళ్ళు.

ఈడొచ్చిన పిల్లకి అన్నంముద్దలో మంత్రం కలిపి పెట్టేవారు. ఒక పిల్లకి ఒకే ముద్ద. మంత్రం అబ్బని పిల్ల కొండ దిగి వెళ్ళిపోవాల్సిందే.

ముత్యం అక్క సంపంగికని అవ్వ ముద్ద కలిపి మూత పెట్టింది. ఆడి ఆడి ఆకలేసి వచ్చిన ముత్యం, పెరుగన్నం అనుకుని తినేసి, గాదె వెనక నక్కింది. అప్పుడే అవ్వ వెతికి పట్టుకుని, అక్కచెల్లెళ్ళిద్దర్నీ నిలబెట్టి, “ముద్దేదే?” అంది. సంపంగి చెల్లెలి బుగ్గ మీది మెతుకు చూసింది. పమిటతో తుడిచేసి, “నేనే తిన్నా అవ్వా” అంది.

ఆ తర్వాత సంపంగి మొదటిసారి కవ్వం పట్టింది. వెనక నక్కి ముత్యం మంత్రం గొణిగింది. వాన పడింది. రెండోసారీ అంతే. నిజం చెబితే అక్క వెళ్ళిపోతుందని ముత్యానికి ఒకటే గుబులు.

మూడోసారి అవ్వ, “అక్కకి తోకలా ఏంటే నువ్వు? ఇవాళ గడప దాటకు” అంది.

అప్పుడు సంపంగి ఒక్కతే చిలికింది. అరచేతులు బొబ్బలెక్కాయి, చినుకు రాలలేదు. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ మూట కట్టింది. అప్పుడు కూడా సంపంగి చెల్లెలి పేరెత్తలేదు. మల్లెతీగ వంగినట్టు వంగి, అవ్వ కాళ్ళకి దణ్ణం పెట్టింది.

అంతే, ముత్యం గడప దూకింది. కవ్వం తాడు ఒక కొస పట్టుకుని, “అక్కా, రెండోది నువ్వు పట్టు” అంది. ఇద్దరూ లాగారు. గట్టిగానే మంత్రం చదివింది ముత్యం. అదివరకెప్పుడూ పడనంత వాన. కింద పొలాలన్నీ మట్టివాసన.

“ఆ ముద్ద తిన్నది నేనే అవ్వా,” అంది తడుస్తూ. “అక్కని పంపితే నేనూ పోతా. అక్క లేని మంత్రం నాకొద్దు.”

అవ్వ మూట విప్పి, అందులోని చీరతో ఇద్దరి తలలూ తుడిచింది.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మన గుమ్మం తట్టింది.