గాలిలో ఉంటేనే కూలి

ఒకానొక రాజ్యంలో రాజుగారికి ఏనుగులు తక్కువ, విమానాలు ఎక్కువ. ఆ కాలంలో విమానాలెక్కడివని నన్నడక్కండి. చిలకలు నీతులు చెప్పే కథలు కిక్కురుమనకుండా విన్నవాళ్ళే గదా మీరు. నా కథలో ఒక విమానం ఎగిరితే ఏం పోయింది?

ఆ రాజ్యం పేరు మేఘవరం. రాజు దిగ్విజయ భూపతి. పేరుకు తగ్గట్టు ఆయన జయించిన దిక్కు ఒక్కటీ లేదు గాని, తిరగని దిక్కు మాత్రం లేదు. ఏడు విమానాలుండేవి. వాటిలో ప్రయాణికులకు సేవ చేయడానికి నలభైమంది గగన పరిచారకులుండేవారు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి.

వాళ్ళ పని చూస్తే జాలేస్తుంది. విమానం కదలకముందే ఒక జాము పని. తలుపు తీయాలి, మూటలు మోసి పైన సర్దాలి, కిటికీ పక్క చోటు కోసం కొట్లాడుకునే ఇద్దరు పండితులను విడదీయాలి. దిగాక అందరినీ చెయ్యిపట్టి దించాలి, ఎవరెవరు ఎక్కడెక్కడ వాంతి చేసుకున్నారో వెతికి కడగాలి. ఇంత చేసినా కూలి దగ్గరికొచ్చేసరికి మంత్రి పాపరాజు రాయించిన శాసనం ఒకటి అడ్డం నిలబడేది. విమానశాల గోడమీద చెక్కించాడు దాన్ని.

"చక్రాలు నేల విడిచిన క్షణం నుంచి తిరిగి నేలను తాకిన క్షణం వరకే గగన పరిచారకులు రాజసేవకులు. ఆ కాలానికే కూలి. అంతకు ముందుగాని, తరువాతగాని వారు మా సేవకులు కారు."

సారథి పక్కన ఒక ఇసుక గడియారం ఉండేది. చక్రాలు లేవగానే దాన్ని నిలబెట్టేవాడు, నేలను తాకగానే పడుకోబెట్టేవాడు. గడియారం నిలబడితే కూలి. అది పడుకుంటే లేదు. పరిచారకులకు మాత్రం అది నిలబడినా పడుకున్నా నిలువుకాళ్ళ కొలువే. ప్రయాణికులందరికీ పీటలూ నడుం పట్టీలూ ఉండేవి. సేవకులు రాజుగారి విమానంలో కూర్చోవడం అపచారమట, అందుకని వాళ్ళకు పీట లేదు.

పరిచారకులకు పెద్ద పేరిందేవి. ఇరవై ఏళ్ళ అనుభవం. తొణికిన తాంబాళం ఎరగని మనిషి. కిందటి నెలలో విమానం దిగి, చక్రాలు నేలను తాకి, గతుకుల మీద పరుగెడుతుండగా ఒక గుంటలో పడి ఎగిరింది. కూర్చున్నవాళ్ళు పట్టీలు పట్టుకుని రామరామ అనుకున్నారు. నిలబడ్డ పేరిందేవి వెళ్ళి తలుపుకు కొట్టుకుని కింద పడింది. కుడి మణికట్టు విరిగింది.

రాజవైద్యుడు వచ్చాడు. చెయ్యి చూడలేదు, ముందు గడియారం చూశాడు.

"పడుకునే ఉంది గదమ్మా. నువ్వు పడ్డప్పటికి రాజసేవకురాలివి కావు. నేను రాజసేవకులకే కట్టు కడతాను" అన్నాడు.

ఇలాంటి మాట అనడానికి ఎంత చదువుకోవాలో నాకు తెలియదు. చివరికి ఊళ్ళో కుమ్మరి ముసలమ్మ వెదురుబద్దలు పెట్టి కట్టింది. పాపరాజు కబురు పంపాడు: అమావాస్యలోగా తాంబాళం ఎత్తగలిగితే సరి, లేకపోతే ఆమె చోటికి వేరొకరు వస్తారు.

పేరిందేవి నలభైమంది చేతా గుర్తులు పెట్టించి మూడు విన్నపాలు ఇచ్చింది. కూలి తలుపు తీసిన దగ్గర నుంచి లెక్కకట్టాలని, కూర్చోవడానికి పీట, నడుముకు పట్టీ కావాలని, దెబ్బ తగిలితే గడియారం చూడకుండా వైద్యం చేయాలని. మూడు విన్నపాలూ మంత్రిగారికి బాగా ఉపయోగపడ్డాయి. ఆయన పీట కాలొకటి పొట్టిది. దానికింద మడిచి పెట్టుకున్నాడు.

ఇక చేసేది లేక ఆమె ఆస్థాన విదూషకుడు అక్కిభొట్లు ఇంటికి వెళ్ళింది. అక్కిభొట్లు తెలివికి రాజ్యమంతా భయపడేది. ఆయన మాత్రం విమానానికొక్కదానికే భయపడేవాడు. జన్మలో ఎక్కలేదు.

ఆమె చెప్పిందంతా విని, ఆయన వెదురుబద్దల చెయ్యి చూశాడు. ఆయనకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన పిలక సర్దుకునేవాడు.

"పేరిందేవమ్మా, ఆ శాసనం మాటలు నీకు సరిగా గుర్తున్నాయా?"

"ఇరవై ఏళ్ళుగా దానికిందనుంచే నడుస్తున్నానయ్యా. నిద్రలో అడిగినా చెబుతాను."

"ముందుగాని, తరువాతగాని మా సేవకులు కారు. అంతేనా?"

"అంతే."

"మీ నలభైమందీ ఒక్క మాట మీద ఉంటారా? బెడిసికొడితే నలభై కొలువులూ పోతాయి."

"మాట్లాడుకునే వచ్చానయ్యా. ఇవాళ నా మణికట్టు, రేపు ఇంకొకరి మెడ. ఉంటారు."

"ఒక్క చిక్కుంది" అన్నాడు అక్కిభొట్లు గొంతు తగ్గించి. "నేను కూడా విమానం ఎక్కాలి. ఏం చేసినా చక్రాలు లేవకముందే తేలిపోవాలి. పైకి పోయాక నాకు తెలివుండదు."

మర్నాడు కొలువులో పొరుగు రాజ్యపు రాయబారి నాగదేవుడు ఉన్నాడు. ఆ మరుసటి రోజే రాజుగారు ఆయన్ని వెంటబెట్టుకుని విమానంలో పొరుగురాజ్యానికి వెళ్ళాలి. రాయబారి ముందు రాజుగారు నిటారుగా కూర్చుని, మామూలుకన్నా రెండు హారాలు ఎక్కువ వేసుకున్నారు.

అక్కిభొట్లు లేచి దండం పెట్టాడు. "ప్రభూ, తమ శాసనాలు ఎంత గట్టివో రాయబారిగారు తెలుసుకుని వెళితే బాగుంటుంది. ఒకసారి చెక్కాక దాన్ని తమరైనా దాటవచ్చునా?"

"మేమైనా దాటలేం" అన్నారు రాజుగారు మీసం దువ్వుతూ. "రాతిమీద పడ్డాక మాకూ అదే, మా గుర్రానికీ అదే."

"మరి తమ వంశంలో అతిథి మర్యాద సంగతి?"

"అది చెప్పాలా? మా ముత్తాతగారి కాలం నుంచి వస్తున్నది. మా వాహనంలో సేవకుడు కాని మనిషి ఎవడు అడుగు పెట్టినా అతడు మా అతిథి. అతిథికి మా చేత్తో మజ్జిగ ఇచ్చాకే ప్రయాణం."

"అందరికీనా ప్రభూ?"

"చివరి మనిషి వరకూ."

రాయబారి తల ఊపి మెచ్చుకున్నాడు. నిజానికి పరిచారకులే మజ్జిగ కలిపి, పోసి, తెచ్చేవారు. రాజుగారు గ్లాసును వేలితో ముట్టుకునేవారు. ఆ మర్యాద అంతవరకే.

ప్రయాణం రోజు వచ్చింది. రాజుగారు రాయబారితో, వైద్యుడు, పురోహితుడు మొదలైన పరివారంతో విమానం దగ్గరికి వచ్చేసరికి తలుపు తీసేవారు లేరు. ఆ విమానానికి కేటాయించిన ఎనిమిదిమంది పరిచారకులు పండగ బట్టలు కట్టుకుని లోపల మెత్తటి పీటల మీద కూర్చున్నారు, నడుం పట్టీలు కూడా కట్టుకుని. మొదటి పీటలో పేరిందేవి. మిగతా ముప్ఫై ఇద్దరూ బయట చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు.

తలుపు తీయబోయి మంత్రి పాపరాజు దాన్ని నెట్టాడు, లాగాడు, తిట్టాడు. అది పక్కకు జరిపే తలుపని ఆయనకు ఆ రోజే తెలిసింది. ఆస్థాన పండితుడు తాటాకుల మూట పైన పెట్టబోయి విప్పుకున్నాడు. రాజుగారి ఊరగాయ జాడీ ఎక్కడ పెట్టాలో తెలియక సేనాపతి దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు. మంత్రి ఒక పెట్టె మోసుకొస్తూ ద్వారబంధంలో ఇరుక్కుపోయాడు. ఆయనకు కాస్త ముందే అక్కిభొట్లు కళ్ళు మూసుకుని ఎక్కి, దొరికిన స్తంభాన్ని కౌగిలించుకున్నాడు.

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. "ఏమిటిది? వీళ్ళు కూర్చోవడమేమిటి? లేచి పని చూడమను."

అక్కిభొట్లు ఒక కన్ను తెరిచాడు. "ఎవరిని ప్రభూ?"

"మా సేవకులను."

"ఇక్కడ తమ సేవకులు లేరు. చక్రాలు నేలమీదే ఉన్నాయి, గడియారం పడుకునే ఉంది. ముందుగాని, తరువాతగాని వీరు తమ సేవకులు కారని గోడమీద ఉంది."

"ఆ గోడ సంగతి తరువాత చూద్దాం..." అని పాపరాజు తలుపులోంచే అందుకోబోయాడు.

"చెక్కాక తమరైనా దాటలేరని రాయబారిగారి ఎదుట సెలవిచ్చారు గదా ప్రభూ" అన్నాడు అక్కిభొట్లు.

రాజుగారు రాయబారి వైపు చూశారు. నాగదేవుడు కిటికీలోంచి మబ్బులు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాడు. మీసాలు మాత్రం అదురుతున్నాయి.

"సరే, సేవకులు కారు. అయితే?"

"సేవకుడు కాని మనిషి తమ వాహనంలో అడుగు పెడితే అతిథి ప్రభూ. ముత్తాతగారి కాలం నుంచి."

  రాజు ఇప్పుడు వెళ్ళగొట్టమన్నాడా, నలభై కుటుంబాలు వీధిన పడ్డట్టే. పేరిందేవి విరిగిన చేతిని కొంగుతో కప్పుకుంది.

రాజుగారికి డాబు ఎక్కువే గాని, ముత్తాత పేరంటే ప్రాణం. ఆయన హారాలు వెనక్కి వేసుకుని, కండువా నడుముకు చుట్టారు. "మజ్జిగ ఎక్కడుంది?"

ఎక్కడుందో ఆయనకు తెలియదు. మంత్రికీ తెలియదు. రాజుగారే నాలుగు అరలు వెతికి, ఒకదానిలో చీపురు, ఒకదానిలో వాంతి గిన్నెలు చూసి, అయిదోదానిలో కడవ పట్టుకున్నారు. తాంబాళంలో తొమ్మిది గ్లాసులు, ఎనిమిది అతిథులకు, ఒకటి రాయబారికి. అవి అంత బరువుంటాయని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఇంతలో పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని గోల పెట్టాడు.

"నడిపించు" అన్నారు రాజుగారు సారథితో. "ఈలోగా మేం పోసేస్తాం. ఇదో పెద్ద పనా?"

విమానం కదిలింది. గతుకుల మీద పరుగందుకుంది. రాజుగారు ఒక గ్లాసు అందించారు, రెండోది ఒలకబోశారు, మూడోదానితో రాయబారి తలపాగాకు అభిషేకం చేశారు. అప్పుడొచ్చింది ఆ గుంట, పేరిందేవి మణికట్టు విరిచిన గుంట. ఇంకా ఎవరూ పూడ్చలేదు. విమానం ఎగిరిపడింది. తాంబాళం ఒక దిక్కు, కిరీటం ఒక దిక్కు. రాజుగారు పెట్టెల మధ్యకు తల ముందుకు పెట్టి వెళ్ళిపోతుండగా, ఎవరో నడుముకు చుట్టిన కండువా పట్టుకుని గట్టిగా వెనక్కి లాగారు. ఆయన ధబీమని కింద కూర్చున్నారు. తల పెట్టెల ఇనుప అంచుకు జానెడు దూరంలో ఆగింది.

పట్టుకున్నది ఎడమచెయ్యి. పేరిందేవిది. పట్టీ కట్టుకుని కూర్చుంది గనుక తాను పడకుండా పట్టుకోగలిగింది.

"ఆపు" అని అరిచారు రాజుగారు. విమానం ఆగింది.

ఆయన ఒళ్ళంతా మజ్జిగ. కరివేపాకు ఒకటి చెవిమీద అతుక్కుంది. కాసేపు ఆయాసపడి, ఇనుప అంచును చూసి, "అక్కిభొట్లూ, మా తల పగిలి ఉండేది" అన్నారు.

"అవును ప్రభూ. రాజవైద్యుడు వచ్చి ముందు గడియారం చూసేవాడు. పడుకునే ఉంది."

రాజుగారు వైద్యుడి వైపు చూశారు. వైద్యుడు సేనాపతి ఒళ్ళోని జాడీ వెనక్కి జరిగాడు. అప్పుడు రాజుగారి చూపు పేరిందేవి కొంగు కింద వెదురుబద్దల మీద పడింది.   ఆయన ముఖంలో డాబు దిగిపోయి, సిగ్గులాంటిది వచ్చింది.

తరువాత నడుం రుద్దుకుంటూ మెల్లగా అడిగారు. "సరే. ఇంతసేపు మేం తలుపులు, మూటలు, మజ్జిగలతో చచ్చాం గదా. దీనికి మా కూలి ఎంత?"

"చక్రాలు ఇంకా లేవలేదు ప్రభూ" అన్నాడు అక్కిభొట్లు వినయంగా. "శాసనం ప్రకారం తమరు ఇంతవరకూ ఏ పనీ చేయలేదు."

 రాజుగారికి నవ్వు వచ్చింది. ముందు మీసాల్లో, తరువాత పొట్టలో. చెవిమీది కరివేపాకు రాలిపోయేదాకా నవ్వారు. రాయబారి ఇక ఆపుకోలేక తలపాగా తీసి ముఖం తుడుచుకుంటూ నవ్వాడు. తలుపులో ఇరుక్కున్న పాపరాజు ఒక్కడే నవ్వలేదు, నవ్వితే ఇంకా బిగుసుకుంటుందని.

ముహూర్తం ఎటూ దాటిపోయింది. రాజుగారు శిల్పిని పిలిపించి పాత శాసనం చెరిపించి కొత్తది చెక్కించారు. తలుపు తీసింది మొదలు చివరి మూట దిగేదాకా కూలి. పరిచారకులందరికీ పీట, పట్టీ. దెబ్బ తగిలితే వైద్యుడు చెయ్యి చూడాలి, గడియారం కాదు. పేరిందేవి చెయ్యి కూడేదాకా ఇంట్లో కూర్చున్నా పూర్తి జీతం. ఇక ఆ గుంటను మంత్రిగారు స్వయంగా పూడ్చాలి. వడ్రంగులు మధ్యాహ్నానికల్లా ఎనిమిది పీటలు బిగించారు.

అక్కిభొట్లుకు రాజుగారు తన మెడలోని ఎక్కువైన రెండు హారాలూ వేసి, "నీవంటివాడు పక్కనుండాలి. పద, మాతోపాటు ఆకాశం చూద్దువుగాని" అన్నారు.

అక్కిభొట్లు అప్పటికే మెట్లు దిగుతున్నాడు. "క్షమించాలి ప్రభూ. నా కొలువు చక్రాలు నేలమీదున్నంతవరకే."

పేరిందేవికి ఆ రోజు సెలవు. అయినా ఇరవై ఏళ్ళుగా నిలబడ్డ చోట ఒక్కసారి కూర్చుని ప్రయాణం చేయాలని ఆమె కోరిక. కొత్త పీటలో కూర్చుని, ఎడమచేత్తో పట్టీ కట్టుకుంది. విమానం కదలబోతోంది. రాజుగారు నడిమధ్య నిలబడి, కిరీటం సర్దుకుంటూ రాయబారికి తన కొత్త శాసనం గొప్పదనం వర్ణిస్తున్నారు.

"ప్రభూ" అంది పేరిందేవి. "కూర్చోండి. పట్టీ కట్టుకోండి."

మాట మధ్యలో ఆపేసి, రాజుగారు వెళ్ళి కూర్చున్నారు.