ఎడమచేత దీవించే వాకలమ్మ

రంగులవాక ఊరి చివర, అద్దకం బట్టలు ఉతికే కాలువ గట్టున వాకలమ్మ గుడి ఉంది. లోపల రాతి విగ్రహం లేదు. నేతబట్ట మీద ఎర్రగా అచ్చుపడిన రూపమే అమ్మవారు. కొత్తగా వచ్చిన భక్తులు చూసి కంగారుపడతారు. అమ్మ కుడిచేతిలో తామరమొగ్గ ఉంటుంది, దీవించేది ఎడమచేయి. ఇది అపచారం కాదా అని అర్చకులను అడగనివారు లేరు. కథ విని మీరే చెప్పండి.

పూర్వం ఇక్కడ పానకాలు అనే అద్దకం మేస్త్రి ఉండేవాడు. చేతిలో ఎంత పనితనమో నోట్లో అంత కారం. ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయాడు. కోడలు పేరమ్మ పుట్టింటికి వెళ్ళనంది. "మావయ్యా, నాకు పని నేర్పండి" అని పట్టుబట్టింది. ఆడదానికి నేర్పితే విద్య ఊరు దాటిపోతుందని పెద్దలు గోలపెట్టారు. చివరికి పానకాలు ఒక షరతు పెట్టాడు. జాతరబట్టకు ఆమె అమ్మవారి అచ్చు చెక్కాలి. కుదిరితే విద్యంతా నేర్పుతాడు. తప్పితే ఆమె మళ్ళీ ఉలి ముట్టకూడదు, పుట్టింటికి వెళ్ళిపోవాలి.

పేరమ్మ తిండీ నిద్రా మాని చెక్కింది. అప్పట్లో గుళ్ళో ఉన్న పటంలో అమ్మ ఎలా ఉందో అలాగే, వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కింది. అదే కొంపముంచింది! చెక్క మీద కుడివైపున ఉన్నది బట్ట మీద ఎడమకు పడుతుందన్న సంగతి ఆ ధ్యాసలో మరిచిపోయింది. అచ్చువేసి తీసేసరికి తామరమొగ్గ కుడిచేతికి మారి, అమ్మవారు ఎడమచెయ్యి ఎత్తి నిలబడింది.

పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. పానకాలు తలెత్తలేదు. "అది పొయ్యిలో పెట్టమ్మాయ్" అన్నాడు, అంతే.

పేరమ్మకు చేతులు రాలేదు. అచ్చు కొంగులో దాచుకుని, మూట సర్దుకుని, మర్నాడు మామగారి దగ్గర సెలవు తీసుకోబోయింది. ఆయన బల్ల దగ్గర పనిలో ఉన్నాడు. కుడిచేయి అచ్చు మీద అదిమి ఉంది, కదిపితే బట్ట పాడవుతుంది. ఆమె వంగి కాళ్ళకు మొక్కింది. ముసలాయనకు దుఃఖం ఆగలేదు. "చల్లగా ఉండు తల్లీ" అంటూ ఖాళీగా ఉన్న చేయి ఆమె తలమీద పెట్టాడు.

పేరమ్మ లేవలేదు. "మావయ్యా, ఇది ఏ చేయి?"

పానకాలు చూసుకున్నాడు. ఎడమచేయి.

"ఈ దీవెన నాకు తగలదా మరి?"

పానకాలు బావురుమన్నాడు. కుడిచేయి తీసేశాడు. బట్ట పాడైతే పాడైంది! ఆమె కొంగులోని అచ్చు అందుకుని కళ్ళకద్దుకున్నాడు. "అమ్మకూ కుడిచేతి నిండా పనేనర్రా" అని ఊరంతా వినేలా అరిచాడు. అమ్మవారు ఆయనకు కలలో కనబడి చెప్పిందని కొందరంటారు. కల దేనికి, పట్టపగలే చూపించింది కదా అని మా ఊరివాళ్ళం అంటాం.

విద్యంతా నేర్చిన పేరమ్మ మొదట నేర్పింది ఎవరికనుకున్నారు? ఆనాడు గోలపెట్టిన పెద్దల కూతుళ్ళకే.

నేటికీ ఇక్కడికి వచ్చిన ప్రతి భక్తుడూ ఒక గుడ్డముక్క మీద అమ్మ అచ్చు వేసుకుంటాడు. ఎలా అదమాలో చూపించేది అర్చకులు కాదు, వరుసలో ముందున్నవారు. చూపిస్తూ ఎడమచేయి మీ తలమీద పెడతారు. మీ వెనకవారికి మీరూ అలాగే చెయ్యాలి. ఆ స్పర్శతో చేతివిద్య నిలుస్తుందని నమ్మకం. సాయంత్రం అందరికంటే చివర వచ్చినవారు మాత్రం ఆ పూటకు ఊళ్ళోనే ఆగిపోతారు. తెల్లవారి మొదట వచ్చేవారికి నేర్పాలి కదా.