మామిడిచెట్టు ఒక్కో కొమ్మే ఎందుకు పూస్తుంది?

ఒకప్పుడు మామిడిచెట్టు ఇప్పటిలా పూసేది కాదు. పూసిందంటే చెట్టంతా ఒక్కరోజే పూసేది. పొద్దున చూస్తే ఒట్టి ఆకులు. సాయంత్రం చూస్తే ఆకు కనబడకుండా పూత! తేనెటీగలకు కూడా అప్పట్లో వేళాపాళా ఉండేది కాదు. ఇంకా వెలుగు రాకముందే, రెక్కలమీద మంచు కారుతున్నా సరే, జుమ్మంటూ బయలుదేరేవి.

ఆ రోజుల్లో ఒక కొండవాలు మీద పది గడపల ఊరు ఉండేది. ఆ ఊళ్లో కాసులమ్మ అని ఒక ముసలావిడ. ఆమె పెరట్లో ఒకే ఒక్క మామిడిచెట్టు. ఆ చెట్టు తొర్రలో తేనెటీగలు కాపురం ఉండేవి. ఎన్ని అంటారా? తొర్ర నిండిపోగా మిగిలినవి అంచు పట్టుకుని గుత్తులుగా వేలాడేవి. అన్ని!

వాటిల్లో చిట్టిరెక్క అని ఒకటి. కబురు తేవడం దాని పని. ఎక్కడ పువ్వు పూసిందో ముందు వెళ్లి చూసి రావాలి, వచ్చి అందరికీ చెప్పాలి. అది చెప్తేనే తక్కినవి కదిలేవి.

ఒక ఏడు పుష్యమాసంలో చలి మరీ ముదిరింది. కాసులమ్మ పళ్లు కటకటలాడుతున్నాయి. తన పళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆమె బెంగంతా చెట్టు మీదే.

"మాఘంలో మాకులు వణుకుతాయంటారు. ఇది పుష్యంలోనే వణికిపోతోందే!" అని జాలిపడింది. రోజూ ఇంటి ముందు వేసుకునే నెగడును పెరట్లోకి, చెట్టు మొదటికి మార్చింది. పొగ రాకుండా బాగా ఎండిన దుంగలు ఏరి తెచ్చి పేర్చింది. పొద్దస్తమానం నిప్పు ఎగదోస్తూ అక్కడే కూర్చునేది.

"కాచుకోవే తల్లీ, కాచుకో. నాకు సగం, నీకు సగం" అనేది.

నాలుగు రోజులు గడిచేసరికి చెట్టుకు ఒళ్లంతా వెచ్చబడింది. నిద్ర కళ్లు నులుముకుంది.

"ఇదేమిటి? అప్పుడే వసంతం వచ్చేసిందా? నేను గాని మొద్దునిద్ర పోయానా?" అనుకుని, తొర్రలోకి పిలిచింది. "చిట్టిరెక్కా! ఓసి చిట్టిరెక్కా! వసంతం వచ్చిందటే?"

చిట్టిరెక్క బయటికి తొంగిచూసింది. కాళ్లకు వెచ్చగా ఉంది. ముక్కుకు చల్లగా ఉంది. దేన్ని నమ్మాలి?

"నాకూ ఏమీ అర్థం కావడంలేదు పెద్దమ్మా. కింద చూస్తే వేసవి, పైన చూస్తే చలి. ఉండు, గాలిమామను అడిగొస్తా" అంది.

గాలి కొండ దిగి వస్తోంది. "వసంతమా? నాకేం తెలుసే!" అంది. "కొండమీద ఉన్నంతసేపూ వణుకుతున్నా. మీ పెరట్లోకి వచ్చేసరికి చెమట పడుతోంది. వసంతం ముందుగా మీ ఇంట్లోనే దిగిందేమో! పికిలిపిట్టను అడుగు. అది నాలుగూళ్లు తిరిగేది."

పికిలిపిట్ట తల అటూ ఇటూ తిప్పింది. "నన్నడుగుతావేమే! నేనే మీ చెట్టును చూసి కాలం తెలుసుకుంటాను. వెళ్లి చెట్టునే అడుగు!" అంది.

చిట్టిరెక్కకు తల తిరిగిపోయింది. చెట్టు తనను అడిగింది. తను గాలిని అడిగింది. గాలి పిట్టను అడగమంది. పిట్ట చెట్టును అడగమంది. వేళ్లమీద లెక్కపెట్టి చూడండి, బయలుదేరిన చోటికే వచ్చి పడ్డామా లేదా?

"ఏమన్నారే?" అని ఆత్రంగా అడిగింది చెట్టు.

"ఎవరూ కాదనలేదు పెద్దమ్మా" అంది చిట్టిరెక్క.

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఎవరూ అవునని కూడా అనలేదు. ఆ రెండో సగం ఎగిరొచ్చిన తొందరలో దాని నోట్లోనే ఉండిపోయింది.

కాదనలేదంటే అవుననేగా అనుకుంది చెట్టు. సాయంత్రానికల్లా విరగబూసింది! గోడ అవతలికి వాలిన ఒక్క కొమ్మ మాత్రం పూయలేదు. నెగడు సెగ అక్కడిదాకా అందలేదు మరి. అది గుర్రుపెట్టి నిద్రపోతూనే ఉంది.

ఊరంతా వచ్చి చూసింది. పొరుగింటి సింగన్న బుగ్గన వేలేసుకున్నాడు. "ఏం పిన్నీ, పుష్యంలో పూతా! మేమంతా ఉగాదికి పచ్చడి చేసుకుంటే, నువ్వు శివరాత్రికే చేసేట్టున్నావే!"

"కుళ్లుకోకురా. నీకూ ఒక కాయ ఇస్తాలే" అని మురిసిపోయింది కాసులమ్మ. తర్వాత నిప్పు వైపు చూసి ఉలిక్కిపడింది. "అయ్యో, ఈ సెగకు పూత మాడిపోదూ!" అని నెగడు ఆర్పేసి, దుంగలు మళ్లీ ఇంటి ముందుకు మోసుకుపోయింది.

మర్నాడు తెలతెలవారుతుండగా మంచు దిగింది. ఉత్త మంచు కాదు, గడ్డకట్టే మంచు. గడ్డిమీద ఉప్పు చల్లినట్టు తెల్లగా పరుచుకుంది.

చెట్టు బిత్తరపోయింది. "వసంతంలో నువ్వేమిటి ఇక్కడ?"

మంచు ఇంకా బిత్తరపోయింది. "వసంతమా? ఇంకా పుష్యమైనా వెళ్లలేదే! నా వేళకు నేనొచ్చాను. నీకు ఈ పూతేమిటి ఇప్పుడు?"

వెనక్కి పోదామంటే మంచుకు వీలు కాలేదు. అప్పటికే దిగిపోయింది. ఎండ వచ్చేసరికి పూతంతా నల్లబడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. అలవాటు చొప్పున చీకటితోనే బయలుదేరిన తేనెటీగలు రెక్కలు కొయ్యబారి గడ్డిలో పడిపోయాయి. లేవలేదు. తొర్రలో గుప్పెడంటే గుప్పెడే మిగిలాయి.

ఆ గుప్పెడూ చిట్టిరెక్క మీద పడ్డాయి. "నీ మాట నమ్మే కదే వెళ్లారు!"

"వసంతం వచ్చిందని నేననలేదక్కా. ఎవరూ కాదనలేదు అన్నాను."

"నాతో మాత్రం అలా ఎందుకన్నావు మరి?" అని చిట్టిరెక్కను నిలదీసింది చెట్టు.

"నువ్వు వెచ్చగా ఉన్నావు కాబట్టే నేను కాదనలేదు!" అంది గాలి.

"చెట్టు పూసింది కాబట్టి నేను పాట కూడా మొదలుపెట్టేశాను, నా పరువు పోయింది" అంది పికిలిపిట్ట.

అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. ఎవరి మాటా ఎవరికీ అర్థం కావడంలేదు. ఆ గోలలో చిట్టిరెక్క అడిగింది, "అసలు ఆ వెచ్చదనం ఎక్కడిది?"

అందరూ కిందికి చూశారు. చెట్టు మొదట్లో నల్లటి మచ్చ, దాని మీద గుప్పెడు బూడిద. కాసులమ్మ దాన్ని చూసింది. రాలిన పూతను చూసింది. కూలబడిపోయింది.

"నేనే తల్లీ. నీకు చలేస్తోందని వేశాను" అంది.

ఏమని తిడతారు ఆమెను?

తొర్రలోంచి తేనెటీగల రాణమ్మ గొంతు వినిపించింది. "తేనె అడుగంటింది. మళ్లీ పూత వచ్చేదాకా బతికుంటేనే మన కాపురం. లేకపోతే ఇది ఖాళీ తొర్ర."

కాసులమ్మ లేచింది. ఇంట్లోకి వెళ్లి బెల్లం నీళ్లలో కరిగించి, మోదుగాకు దొప్పలో పోసి తెచ్చింది. తేనెటీగలు మునిగిపోకుండా నాలుగు గడ్డిపోచలు వేసింది. ఎండెక్కాక తొర్ర దగ్గర పెట్టింది.

"ఇదేం పువ్వే? రేకుల్లేవు, చూస్తే చెరుకు వాసన!" అంది ఒక తేనెటీగ.

"అడిగింది చాలు. తాగు" అంది ఇంకొకటి.

అలా రోజుకో దొప్పతో మాఘం నెట్టుకొచ్చాయి. ఒకరోజు ఎండ, ఒకరోజు చలి. గోడ అవతలి కొమ్మ అప్పుడు ఆవులించింది. కొసల్లో మొగ్గ కదిలింది. పూత మాడిన కొమ్మల్లోనూ అక్కడక్కడ కొత్త మొగ్గ తొంగిచూస్తోంది.

చెట్టు భయంభయంగా అడిగింది. "చిట్టిరెక్కా, పూయనా, వద్దా?"

చిట్టిరెక్క తొర్రలోకి తిరిగి చూసింది. తొర్రలో ఉన్నది గుప్పెడు మంది. ఈసారి తప్పు చెబితే వాళ్లూ ఉండరు.

"తెలియదు పెద్దమ్మా" అంది. "నిజంగా తెలియదు. కాబట్టి ఒక్క కొమ్మే పూయి. అది నిలిస్తే రెండోది. ఒకవేళ మంచు తినేసినా, తక్కిన కొమ్మలు నీకు మిగిలే ఉంటాయి."

"చెట్టంతా బోడిగా ఉండి ఒక్క కొమ్మ పూస్తే సింగన్న నవ్వడటే?"

"నవ్వితే నవ్వనీ. నేనూ ఇకమీద తెల్లారకుండా రాను. గాలిని అడగను, పిట్టను అడగను. ఎండ నా రెక్కకు తగిలాకే గడప దాటుతాను."

ఒక్క కొమ్మ పూసింది. మూడోనాడు మళ్లీ మంచు దిగి, సగం పూత నల్లబడింది. చెట్టు బిక్కచచ్చిపోయింది. కానీ ఆ పొద్దున తేనెటీగ ఒక్కటి కూడా బయటికి రాలేదు. అన్నీ ఒకదాన్నొకటి హత్తుకుని తొర్రలో ఉండిపోయాయి. ఎండెక్కాక వచ్చి, మిగిలిన సగం పూత మీద వాలాయి. వారం ఆగి రెండో కొమ్మ పూసింది. మరో వారానికి మూడోది. ఆమీదట మంచు రాలేదు.

ఆ ఏడు చెట్టుకు పదకొండు కాయలే నిలిచాయి. సింగన్నకు ఒకటి దక్కింది. తొర్రలో మాత్రం కొత్త రెక్కల చప్పుడు మొదలైంది. గుప్పెడు కాస్తా దోసెడు అయింది.

అప్పటినుంచే మామిడిచెట్టు ఒక్కసారిగా పూయడం మానేసింది. ఒక కొమ్మ పూతతో ఉంటే పక్క కొమ్మ ఎర్రటి చిగురు వేస్తుంది. మూడోది తనకేమీ తెలియనట్టు నిద్రపోతూ ఉంటుంది. ఎండెక్కనిదే తేనెటీగ గూడు దాటి రాదు. చలిపొద్దున దూరంగా నిలబడి వినండి, తొర్రలోంచి సన్నగా గుసగుస వినిపిస్తుంది. వసంతం వచ్చిందా, ఇంకా రాలేదా, వాళ్లకు ఇప్పటికీ తేలలేదు.