వీరగల్లులో రెండవ ముఖం

ఎల్లనార్యులవారికి ఒక అలవాటు ఉండేది. ధర్మసందేహంతో వచ్చినవానికి ఆయన గ్రంథం విప్పేవారు కారు. ఏదో ఒక పని చెప్పేవారు. గుండ్లకమ్మ ఒడ్డున ఆయన ఆశ్రమంలో చదివినవారందరూ ఈ సంగతి ఎరుగుదురు. దండనాయకుని కుమారుడు మాచయ మరింత బాగా ఎరుగును. అయినా ఆనాడు అతడు పనికోసం రాలేదు. పత్రం కోసం వచ్చినాడు.

"ఆచార్యా, నిరుడు పొరుగు సీమవారు మన మందలు తోలుకొనిపోయారు. అడ్డుకున్నాం, ఇరువైపులా మనుషులు కూలారు. ఈ ఏడు మళ్లీ తోలుకొనిపోయారు. పాలు లేక పసిబిడ్డలు గంజినీళ్లతో బతుకుతున్నారు. రేపు ఉదయం సేన కదలాలి. తమ మాట లేనిదే కదలబోమని పెద్దలు పట్టుబట్టారు. ఈ యుద్ధం ధర్మమా, కాదా? ధర్మమని ఒక్క పత్రం అనుగ్రహిస్తే సేన ముందు నేనే చదువుతాను."

ఆచార్యులవారు, "నిరుడు ఆ పోరులో పడిన సింగనకు గుర్తుగా వీరగల్లు నిలుపుతున్నారు గదా. దానిమీది పద్యం నిన్ను వ్రాయమన్నాను. శిల్పికి ఇచ్చావా?" అని అడిగినారు.

"వ్రాశాను. ఇంకా ఇవ్వలేదు."

"పద, ఇచ్చివద్దాం. నేనూ వస్తాను."

శిల్పి బమ్మోజు వాకిట ఆ శిల దాదాపు సిద్ధమై ఉన్నది. పైన శివసన్నిధిలో సింగన. నడుమ అతనిని వింజామరలతో తోడ్కొనిపోయే అచ్చరలు. అడుగున కత్తి ఎత్తి నిలిచిన సింగన, అతని కాళ్లవద్ద పడి ఉన్న శత్రువు. ముఖాలు మాత్రం నున్నగా ఉన్నవి. చూచినవారు ఎదుట కూర్చుండి చెప్పనిదే వీరగల్లుమీద మనిషి ముఖానికి ఉలి తగిలించరాదన్నది బమ్మోజు ఇంట తాతలనాటి నియమం. అందుకే సింగన తల్లి పోలమ్మ వచ్చి రాతి ప్రక్కన కూర్చున్నది.

"పద్యం తెచ్చారా చినదొరా? పోయినసారి తమరి సమాసం ఒక్కటి చెక్కేసరికి రెండు ఉలులు అరిగాయి. ఈసారి కాస్త దయ చూపండి" అని బమ్మోజు నవ్వి, పోలమ్మవైపు తిరిగినాడు. "చెప్పమ్మా."

"ఎడమ కనుబొమ్మ మీద గాటు పెట్టు. చిన్ననాడు పశువుల గాడి మీద పడ్డాడు. మూతి బిగించి నవ్వుతాడు. ముందరి పన్ను విరిగింది, వాడికి సిగ్గు."

"కత్తి ఎత్తినవాడికి నవ్వు పెట్టమంటావా?"

"కత్తి నువ్వు పెట్టావు. నేను చూచింది నవ్వే."

బమ్మోజు ఆ నవ్వు చెక్కినాడు. తరువాత శిల అడుగుకు జరిగి గొంతు కూర్చున్నాడు. "ఇక వీడు. వీడి ముఖం ఎవరు చెబుతారు?"

పోలమ్మ ముఖం త్రిప్పుకొన్నది. "నా కొడుకును పొడిచినవాడు వాడే. చినదొర వాణ్ణి అక్కడే పడగొట్టాడట. ఆయన్నే అడుగు."

"అడిగేదేమున్నది?" అన్నాడు మాచయ. "పద్యంలో రక్కసుడనే వ్రాశాను. గుడ్లు ఉరిమేట్టు, కోరలు కనబడేట్టు చెక్కు."

"చెక్కుతాను దొరా, అదేమంత పని! తమరు చూచారా కోరలు?"

మాచయ గురువువైపు చూచినాడు. ఆయన రాతిపొడిలో పడిన తన నీడను చూస్తూ కూర్చున్నారు. మాచయ శిల అడుగున ఉన్న ఆ నున్నని ముఖంవైపు తిరిగినాడు.

"మీసం రాలేదు."

బమ్మోజు ఉలి అందుకొన్నాడు. "ఊఁ."

"ఒక్క చెవికే పోగు ఉంది. మెడలో నల్లతాడుకు తాయెత్తు. జుట్టుకు నూనె రాసి నున్నగా దువ్వారు, ఎవరో."

"నోరు?"

"తెరిచి ఉంది."

"అరుస్తున్నాడా?"

"లేదు. నీళ్లడిగాడు."

ఉలి ఆగింది. పోలమ్మ మెల్లగా ఇటు తిరిగినది.

"ఇచ్చావా నాయనా?"

మాచయ తల వంచుకొన్నాడు. పద్యం వ్రాసి నడుమున దోపుకొన్న తాటాకును అతని చేయి అదిమిపట్టి ఉన్నది. పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆ నున్నని రాతినే చూస్తూ ఉండిపోయినది. పిదప, "ఆ నోరు మూసి చెక్కు బమ్మోజూ. దప్పి తీరినట్టు చెక్కు" అన్నది.

"చూచినదే చెక్కాలమ్మా" అన్నాడు బమ్మోజు. "మా ఇంటి నియమం నీకు తెలియనిదా."

ఆ నోరు తెరిచే ఉండేటట్లు చెక్కినాడు. పద్యం మాట అతడు మళ్లీ అడుగలేదు, మాచయ ఇవ్వలేదు.

గురుశిష్యులు ఏటిగట్టు వెంట తిరిగి వస్తుండగా ప్రొద్దు క్రుంకుతున్నది. ఆవలి గట్టున మందలు లేని బయలు వెలవెలబోతున్నది. ఆశ్రమం కనుచూపుమేరకు వచ్చిన తరువాత మాచయ నిలిచిపోయినాడు.

"ఆచార్యా, నాయనగారు పత్రం కోసం కాచుకొని ఉంటారు. ఏమని వ్రాయను?"

"మందలు పోయిన మాట నిజం. బిడ్డలు పాలకు ఏడ్చే మాటా నిజం. ఆ రెండూ వ్రాయి."

"తరువాత?"

"బమ్మోజుకు చెప్పినది వ్రాయి. ఒక్క మాట విడువకు. పోలమ్మ అడిగినదీ విడువకు. రేపు సేన ముందు నీవే చదవాలి" అని ఆచార్యులవారు రెండడుగులు ముందుకు నడిచి, వెనుదిరుగకుండానే అన్నారు: "క్రింద నా చేవ్రాలు ఉంటుంది."